ఒంటికాలి ఉల్లంకి

మా అపార్ట్‌మెంటు వెనక గోడకు అవతల ఒక చెరువుంది. చెరువు అని మర్యాదకు అంటున్నాను. బెంగళూరులో బెళ్ళందూరు చుట్టుపక్కల లేచిన భవనాలు తమకు అక్కర్లేనిదంతా వదిలే చోట్లలో అదొకటి. వాసన కొట్టే రోజు కిటికీలు బిగించుకుంటాం. కొట్టని రోజు చుట్టాలను బాల్కనీలోకి తీసుకుపోయి లేక్ వ్యూ చూపిస్తాం.

ఆ మురుగు అంచున ఉల్లంకులు మేస్తుంటాయి. ఉల్లంకుల్లో చాలా రకాలున్నాయి, నేను చెప్పేది పొడుగుకాళ్ళది. తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్కలు, దబ్బనంలాంటి ముక్కు, ఆ ఒంటికి ఏమాత్రం పొంతన లేని ఎర్రటి కాళ్ళు. సముద్రపు ఒడ్డున, ఉప్పుమడుల్లో, రొయ్యల చెరువుల్లో వందలకొద్దీ కనబడే పిట్ట. మా మురుగులో దానికేం పని అని మొదట్లో అనుకునేదాన్ని. మురుగులో పురుగుంటుంది, పురుగున్నచోట అదుంటుంది, అంతే పని.

అది మేసేటప్పుడు చూడాలి. లోతులేని నీళ్ళలో తల వంచుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ పోతుంది. నీటి మీద వాలిన దోమనో, బురదలో కదిలిన పురుగునో ముక్కుతో లాగి మింగుతుంది. రెండడుగులు, ఒక గుటక, మళ్ళీ రెండడుగులు. పక్కదానితో మాటా మంతీ ఉండదు, కానీ పక్కది ఉండి తీరాలి. ఒకటి బెదిరి లేస్తే అన్నీ లేస్తాయి. కిక్ కిక్ అని అరుచుకుంటూ, కాళ్ళు తోక వెనక వేలాడేసుకుని చెరువు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, లేచిన చోటనే మళ్ళీ దిగుతాయి.

ఇందులో నేను కనిపెట్టింది తక్కువ. చాలావరకు ఒక మనిషి చెప్తే తెలిసింది. ఆ మనిషికి నేను చేసింది చెప్పడానికే ఇది రాస్తున్నాను. క్షమించమని అడగడానికి కాదు. అడగాల్సిన చోట అడగనిదాన్ని, కాగితం మీద అడిగి ఏం ప్రయోజనం?

మాది పాత బెంగళూరు. చిక్కపేట వెనక మగ్గాల సందులో పుట్టాను. ఉద్యోగమంతా ఒక బ్యాంకులో కౌంటరు వెనక గడిచింది. అన్నేళ్ళలో నా మొహం చూసి మాట్లాడినవాళ్ళు తక్కువ, నా చేతులు చూసి మాట్లాడినవాళ్ళే ఎక్కువ. మా ఆయన పోయాక, రిటైరయ్యాక, ఈ ఫ్లాటుకు వచ్చాను. పొద్దుపోక కెమెరా కొన్నాను, ఒక పిట్టల పుస్తకం కొన్నాను. ఆదివారం పొద్దున నలుగురిని వెంటేసుకుని గోడ వెంబడి నడుస్తూ అది ఫలానా పిట్ట, ఇది ఫలానా పిట్ట అని చెప్పడం మొదలుపెట్టాను. నలుగురు పదిమందయ్యారు, పదిమంది ఇరవై అయ్యారు. అందరూ నన్ను బర్డ్ ఆంటీ అనేవాళ్ళు. లిఫ్టులో ఎక్కితే జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆ వయసులో ఆ మర్యాద నాకు ఎంత రుచించిందో చెప్పలేను. దాని కోసం ఏమైనా చేసేదాన్నని అప్పట్లో నాకే తెలియదు.

మా భవనం అడుగున మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు ఉంది. దాన్ని నడిపే మనిషి కదిరి వైపు నుంచి వచ్చినవాడు. నలభై దాటి ఉంటాయి. ప్లాంటు పక్కన మోటార్ల మోత వినబడే ఒక గదిలో భార్యతో ఉండేవాడు. ఆ గది ఉద్యోగంతో పాటు ఇచ్చింది. ఉద్యోగం ఉన్నంతకాలం గది, అది పోయిన రోజున ఇదీ పోతుంది. భార్య పైన నాలుగు ఇళ్ళలో పనిచేసేది, అందులో నాదొకటి. చెనిక్కాయల పచ్చడి, వాళ్ళ మాటలో ఊరిబిండి, నూరితే నాకొక డబ్బాలో పెట్టి తెచ్చేది. తెలుగు మాట్లాడే ఇల్లని నా దగ్గర కాసేపు ఎక్కువే కూర్చునేది.

ఒక మధ్యాహ్నం మా వంటింటి సింకు పూడుకుపోతే ఆయన వచ్చాడు. పని ముగించి చేతులు కడుక్కుంటూ కిటికీలోంచి చూసి నవ్వాడు.

"ఉల్లంకులు దిగినాయమ్మా. మా జేజినాయన బతికుంటే ఈపాటికి గుర్రంతోక ఎదుక్కుంటా పోయింటాడు."

"గుర్రంతోక ఎందుకప్పా?"

"ఉచ్చులకు. గుర్రంతోక ఎంటికలు పేని, తాడుకు జానకొకటి లెక్కన కడతారు. ఆ తాడును నీళ్ళ అంచున బురదలో పూడ్చి, ఉచ్చులు మాత్రం పైకి పెడతారు. ఈ పిట్ట నీళ్ళు చూసుకుంటా నడుస్తాది గానీ దాని కాళ్ళకింద ఏముండాదో చూసుకోదు. ఒగటి దిగి మేస్తాంటే చాలమ్మా, దాన్ని చూసి తక్కినవన్నీ వచ్చి దిగుతాయి. వాటిని పిలిచే పన్లేదు."

"నువ్వు పట్టినావా?"

"యాడమ్మా! నాకు బుద్ధి తెలిసేకాలానికి మా చెరువే ఎండిపాయ. కరువులో కూటికి లేక పట్టిన్యారు వాళ్ళు. తాత నాకు ముడి ఎయ్యడం ఒగటి నేర్పిచ్చినాడు, అంతే."

"ఏదీ, సుమ్మనే, ఊరికే చూపించప్పా" అని కుట్టుపెట్టెలోంచి నల్లదారం తీసిచ్చాను. నిలబడ్డచోటే రెండు పోగులు పేని ముడేశాడు. నేను వేలు దూర్చి లాగాను. బిగుసుకుంది. ఇంకా లాగితే ఇంకా బిగుసుకుంది, వేలి కొస ఎర్రబడింది. వెనక్కి నెడితే తప్ప వదల్లేదు. నాకు భలే సరదా వేసి నాలుగుసార్లు బిగించి వదిలించాను.

"పారేయండమ్మా దాన్ని. ఇంట్లో ఉచ్చు పెట్టుకోగూడదు" అన్నాడు పోతూ పోతూ. నేను పారేయలేదు. బొత్తాల డబ్బాలో వేసుకున్నాను. అప్పటికి నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు, ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను.

దురుద్దేశం తర్వాతి నెలలో పుట్టింది. ఆదివారం నడకలో ఇరవైమందికి పైగా ఉన్నారు. ఉల్లంకుల గుంపును చూపించి, ఇవి సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరి మన దగ్గరికి వస్తాయి అని చెప్పాను. అందరూ ఆశ్చర్యపోయారు. ఆయన కంచె పక్కన కూర్చుని ఫిల్టర్లు కడుగుతున్నాడు. తలెత్తి, చాలా మామూలుగా, మంచి మాట చెప్తున్నట్టుగా అన్నాడు.

"ఈ పొడుగుకాళ్ళవి అంత దూరం యాడికీ పోవమ్మా. మా పక్క చెరువుల్లోనే గుడ్లు పెడతాయి. సిన్న సిన్న ఉల్లంకులు ఉండాయి సూడండి ఆ పక్క, అవి పోతాయి అంటారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మా అసోసియేషన్ సెక్రటరీ, గుంటూరు వైపు కుర్రాడు, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, నా భుజం మీద చెయ్యేసి, "ఆంటీ, మనకి లోకల్ ఎక్స్‌పర్ట్ దొరికాడండీ!" అన్నాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి పుస్తకం చూశాను. ఆయన చెప్పిందే నిజం.

ఆ రోజు నుంచి నడకలో సగంమంది కంచె దగ్గర ఆగిపోయేవాళ్ళు. ఆయన వాళ్ళ తాత ఉచ్చుల కథ చెప్పేవాడు, పిట్టల సంగతులు చెప్పేవాడు. గుంపంతా గాలికి ఎదురుగా మొహం పెట్టి నిలబడుతుందట, లేకపోతే ఈకలు లేచి చలేస్తుందట. గద్ద వస్తే మొదట అరిచేది గుంపు అంచున ఉన్నదేనట. మధ్యలోవి కడుపు నిండా మేస్తాయట, అంచువి సగం కడుపుతో కాపలా కాస్తాయట. నేను కెమెరా మెళ్ళో వేసుకుని పక్కన నిలబడి, తల ఊపుతూ, నాకు ముందే తెలిసినట్టు మొహం పెట్టేదాన్ని. నాకు ఒళ్ళు మండిపోయేది. మురుగు కడిగే మనిషి అన్న మాట మనసులోకి వచ్చేది. వచ్చినందుకు సిగ్గు కూడా వేసేది కాదు.

జనవరిలో చలి బాగా ఉన్న ఒక పొద్దున బాల్కనీలో నిలబడి చూస్తున్నాను. నలభై దాకా ఉల్లంకులు గట్టున నిద్రలో ఉన్నాయి. ఒక కుక్క గట్టు దిగి వాటి వైపు వచ్చింది. గుంపు లేవలేదు, కొంచెం పక్కకు జరిగింది. అప్పుడు చూశాను. ఒక పిట్ట ఒంటికాలి మీద గెంతుతూ పోతోంది. రెండో కాలు లేనే లేదు. దాని వెనక ఇంకొకటి, అదీ ఒంటికాలే. మూడోది కూడా. బటన్ నొక్కి పట్టుకుని, గుంపంతా లేచిపోయేదాకా వరసగా ఫోటోలు తీశాను.

ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసిపోయిందని అనుకున్నాను. ఉచ్చు, బిగుసుకోవడం, తెగిన కాలు. అన్నిటికన్నా మంచి ఫోటో ఒకటి ఏరి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టాను. మన గోడ అవతల ఎవరో ఉచ్చులు పెడుతున్నారు, పాపం ఈ పిట్ట కాలు పోయింది అని రాశాను. అంతటితో ఊరుకుంటే మనిషిని అయ్యేదాన్ని. కింద ఇంకో ముక్క రాశాను: ఉచ్చు కట్టడం తెలిసినవాళ్ళు మన దగ్గర ఎవరున్నారో అందరికీ తెలుసు.

నిజంగా నమ్మానా? నమ్మాను. నమ్మడం నాకు హాయిగా ఉంది కాబట్టి నమ్మాను.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టుంది మావాళ్ళ వరస. ఏడుపు బొమ్మలు, కోపం బొమ్మలు. మధ్యాహ్నానికి ఒకాయన తాను చెరువు గట్టున దారం ముక్క చూశానన్నాడు. ఇంకొకామె ప్లాంటు పక్క గది నుంచి మాంసం వండే వాసన వస్తుందని రాసింది. వారం వారం ఆమె ఇంట్లోంచి మాకు వచ్చే వాసన కూడా మాంసానిదే. సాయంత్రానికి మీటింగ్ పెట్టారు. మావాళ్ళను పిట్టల గుంపుతో పోల్చను. పిట్టలు గద్దను చూసిన తర్వాతే లేస్తాయి.

క్లబ్‌హౌస్‌లో ముప్పైమంది కుర్చీల్లో ఉన్నారు. ప్లాంటు నడిపే ఆయనను మధ్యలో నిలబెట్టారు. ఆయన భార్య తలుపు దగ్గర చెప్పుల పక్కన నిలబడింది. సెక్రటరీ నా ఫోటోను గోడ మీద పెద్దగా వేయించాడు.

ఆయన ఫోటో చూసి, మొదట నిజంగానే నవ్వాడు. "దీనికి రెండు కాళ్ళూ ఉండాయి సార్. సలికి ఒగ కాలు పొట్టలోకి ముడుచుకుంటాది. నిద్దర్లో కదిలిస్తే ఆ కాలు దించేదానికి దానికి బద్ధకం. ఒంటికాలితోనే గెంతుకుంటా పోతాది. బాగా బెదిరితేనే రెండోది దించుతాది."

"పిట్టకి బద్ధకమా!" అన్నారెవరో. అందరూ పగలబడి నవ్వారు. ఈసారి నవ్వు నా పక్షాన ఉంది.

"అట్లనే ఉంటాది సార్. ఉచ్చులో కాలు పోయిన పిట్ట బతకదు. మేయలేదు కదా."

సెక్రటరీ ఇబ్బందిగా కదిలాడు. అతను చెడ్డవాడు కాదు. "ఆంటీ, ఇది సీరియస్ ఇష్యూ అండి. ప్రూఫ్ ఏమైనా ఉంటే..." అన్నాడు.

నేను పర్సు తెరిచి నల్లదారం ఉచ్చు తీసి బల్ల మీద పెట్టాను. ఇంటి నుంచి వచ్చేటప్పుడే బొత్తాల డబ్బాలోంచి తీసి పర్సులో వేసుకున్నాను. పొరపాటున వచ్చింది కాదు అది. "ఇది ఎవరు కట్టినారో ఆయన్నే అడగండి" అన్నాను.

ఆయన దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "నేనే కట్టినా. మీ ఇంట్లో మీరే కట్టమంటిరి కదమ్మా" అన్నాడు.

"నేను అడిగితే కట్టినావు, సరేప్పా. చేతికి అలవాటు లేకుండానే కట్టినావా?"

ఇరవై ఏళ్ళ అనుభవమున్న లాయరు కూడా అంత బాగా అడగడు. గదంతా గుసగుసలు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం చూశాను. చూసి సంతోషించాను. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది, చలి పొద్దున వేడి కాఫీ గొంతు దిగినట్టు ఉండింది.

ఆయన చేతులు జోడించలేదు, అరవలేదు. సెక్రటరీ వైపు తిరిగి ఒకటే అడిగాడు. "రేప్పొద్దున అందరూ గోడ దగ్గరికి రాండి సార్. ఆడ సూపిస్తా. ఒగ గంట సాలు. సూసినంక కూడా నేనే చేసినానంటే, మీరు చెప్పే పన్లేదు, నేనే పోతాను."

అది న్యాయమైన మాట అని ఆ గదిలో చాలామందికి అనిపించింది. వాళ్ళ మొహాలు చెప్పాయి. సెక్రటరీ నా వైపు చూసి, "ఏమంటారు ఆంటీ? పొద్దున్నే ఒకసారి చూద్దామా?" అన్నాడు.

ఒక గంట. చూద్దాం అనడానికి నాకు ఖర్చేమీ లేదు. కానీ పొద్దున ముప్పైమంది గోడ దగ్గర నిలబడితే, చూపించేది ఆయన, చూసేది నేను. మళ్ళీ సైబీరియా నవ్వు వినాలి.

"చూసేదానికి ఏముండాది? నేను చూస్తిని కదా" అన్నాను.

అంతే. మరుసటి రోజు మధ్యాహ్నంలోగా గది ఖాళీ చేయమని తీర్మానించారు. ఆయన భార్య చెప్పులేసుకుని ముందు వెళ్ళిపోయింది. ఆయన బల్ల మీద ఉచ్చు తీసుకుని, ముడి విప్పి, దారాన్ని అక్కడే పెట్టి వెళ్ళాడు.

ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. అందరూ ఫోన్లో నన్ను మెచ్చుకుంటున్నారు. ఆ ఫోటోలు ఇంకోసారి చూసుకుందామనిపించింది. లాప్‌టాప్‌లో వేసి ఒక్కొక్కటే చూశాను. వరసగా తీసినవి పదకొండు. ఎనిమిదింటిలో ఒంటికాలే. తొమ్మిదోదానిలో కుక్క దగ్గరికి వచ్చేసింది. పిట్ట పొట్ట కింద నుంచి రెండో కాలు సగం దిగి ఉంది, మోకాలు దగ్గర మడత పడి. పదోదానిలో పూర్తిగా దిగింది. పదకొండోదానిలో పిట్ట గాల్లో ఉంది, వెనక రెండు ఎర్రటి కాళ్ళు, చక్కగా, పక్కపక్కన.

పొద్దున నేను మొదటి ఫోటోలు చూసి ఆగిపోయాను. నాకు కావలసింది దొరికాక ఇంక ముందుకు పోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారు. నేను పట్టిన పిట్టకు ఒక్కటే.

చాలాసేపు ఆ తొమ్మిదోదాన్ని చూస్తూ కూర్చున్నాను. సెక్రటరీ ఫ్లాటు నాకు రెండంతస్తుల పైన. మెట్లెక్కితే నిమిషం. అడుగున, మోటార్ల పక్క గదిలో వాళ్ళిద్దరూ గిన్నెలు మూట కట్టుకుంటూ ఉంటారని నాకు తెలుసు. తొమ్మిది, పది, పదకొండు ఫోటోలను డిలీట్ చేశాను. చేసిన వెంటనే మనసు తేలికపడింది. నిజంగా తేలికపడింది. అన్నం తిని నిద్రపోయాను.

పొద్దున ఆమె ఎప్పటిలాగే పనికి వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. ఊడ్చింది. సింకులో రాత్రి గిన్నెలున్నాయి, అవీ తోమింది. ఈ రోజు వద్దులేమ్మా అని నేను అనలేదు. గిన్నెలు బోర్లించి, బాల్కనీ ఊడవడానికి వెళ్ళింది. చీపురు చప్పుడు ఆగింది.

"అమ్మా, బిరీన రాండి! ఒంటికాలితో ఉండాది సూడండి ఒగటి. ఇప్పుడు దించుతాది. రాండమ్మా, మీ కండ్లతోనే సూడండి!"

నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు. "పాలు పెట్టినాను, పొంగిపోతాయి" అన్నాను.

"నేను సూస్తా పాలను. మీరు రాండి."

"నువ్వు పని ముగించమ్మా."

కొంతసేపటికి, "దించేసింది" అని మెల్లగా అంది. నాకు చెప్పినట్టు లేదు, తనకు తానే అనుకున్నట్టుంది. లోపలికి వచ్చి వెలిగించని పొయ్యిని, తాను బోర్లించిన పాలగిన్నెను చూసింది. మొహం మీద కొట్టినా బాగుండేది. చీపురును తలుపు వెనక నిలబెట్టి, తడిచేతులు పైటకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఒక లగేజీ ఆటోలో సామాను వేసుకున్నారు. ఒక మంచం, ఒక గ్యాసు బండ, రెండు గోనెసంచులు, ప్లాస్టిక్ బిందెలు. గేటు దగ్గర వాచ్‌మన్ సంచులు విప్పించి చూశాడు. బాల్కనీలో నుంచి నేను చూశాను. ఆయన ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

సెక్రటరీ ఆయన ఫోటోను చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల గ్రూపులన్నిటిలో పెట్టాడు. పిట్టలను వేటాడే మనిషి, పనిలో పెట్టుకోకండి అని. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు. చెరువు అవతలి గట్టున ఉన్న అపార్ట్‌మెంటువాళ్ళు నన్ను పిలిచి పిట్టల మీద మాట్లాడించారు, శాలువా కప్పారు. ఆదివారం నడకకు ముప్పైమంది వస్తున్నారు. కంచె దగ్గర ఇప్పుడు ఎవరూ ఆగరు.

మార్చి చివర ఆమె ఫోన్ చేసింది. ఊరి చివర జిగణిలో ఉన్నారట. ఆయన రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో రాళ్ళు మోసే పని చేస్తున్నాడట. రాతి దుమ్ముకు దగ్గు పట్టుకుందట. హూడిలో ఒక అపార్ట్‌మెంటులో ప్లాంటు పని ఖాళీగా ఉంది. పనితనం చూసి మేనేజరుకు నచ్చింది, గది కూడా ఇస్తారు. కానీ సెక్రటరీ పెట్టిన ఆ ఫోటో మేనేజరు ఫోన్లోకీ వచ్చి ఉంది.

"పాత అపార్ట్‌మెంటులోనోళ్ళు ఎవురన్నా ఒక్క మాట చెప్తే సాలు అంటాండాడమ్మా మేనేజరు. కాగితం గూడా వద్దంట. పిట్టలమ్మ చెప్తే ఇంగ ఎవురూ మాట్లాడరని మా ఇంటాయన అన్న్యాడు. ఆయప్పకు మీమింద కోపం ల్యా. పొరబాటు ఎవురికైనా జరుగుతాది అంటాడు."

పొరబాటు. నా పొరబాటు మీటింగు అయిన రాత్రి ఏడున్నరకే ముగిసిపోయిందని వాళ్ళకు తెలియదు. తర్వాతది పొరబాటు కాదు.

"చూస్తానమ్మా" అన్నాను. ఆ రోజు నిజంగానే చూద్దామనుకున్నాను. హూడి మేనేజరు నంబరు రాసుకున్నాను. డయల్ చేసి, మోగకముందే కట్ చేశాను. ఆయన మంచివాడు అని చెప్తే, మరి ఆ ఫోటో అని అడుగుతాడు. నేను తప్పు చూశాను అనాలి. ఎప్పుడు తెలిసింది అని అడిగితే? ఎవరూ అంత దూరం అడగరని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు అడుగుతారనే అనిపించింది. శాలువా కుర్చీ మీద ఉంది ఇంకా, మడత కూడా విప్పలేదు.

రెండోసారి చేసింది. "రేపు చెప్తాను తల్లీ" అన్నాను. మూడోసారి చేసినప్పుడు ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడానికి వీలుగా ఆమె నంబరును పేరుతో దాచుకున్నాను. నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం మోగింది. మోగినంతసేపూ ఫోన్‌ను బోర్లా పెట్టి, మోత ఆగేదాకా గోడ వైపు చూసేదాన్ని. తర్వాత మోగడం మానేసింది.

ఒక ఆదివారం నడక ముగించుకుని లిఫ్టు కోసం నిలబడ్డాను. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చెరువు అవతలివాళ్ళేమో, ఇంకో ఉపన్యాసానికేమో అనుకుని ఎత్తాను.

"అమ్మా, నేను. కొట్టులో ఫోను అడిగి చేస్తాండా. రేపటితో ఆ పని ఇంగొకరికి ఇచ్చేస్తారంట. ఇప్పుడొక్క మాట చెప్పండమ్మా, కాళ్ళు పట్టుకుంటా. అమ్మా? మీరేనా?"

లిఫ్టు వచ్చింది. అందరూ లోపలికి జరిగి నాకు చోటిచ్చారు.

"రాంగ్ నంబర్. యారు బేకు నిమగె?" అని, మీకెవరు కావాలని కన్నడంలో అడిగాను. పుట్టినప్పటి నుంచి ఈ ఊళ్ళో ఉన్నదాన్ని, నా కన్నడం వింటే తెలుగుమనిషి అని ఎవరూ అనుకోరు. గొంతు కూడా కొంచెం మార్చాను.

అవతల లారీ ఏదో పోతున్న చప్పుడు వినబడింది. ఆమె ఊపిరి వినబడింది. పెట్టేస్తుందని ఎదురుచూశాను.

"సరేలేమ్మా" అంది తెలుగులోనే, "మీ ఆరోగ్యం జాగర్త."